అమ్మ అడిగిన సముద్రం

పోయిన వారం మదనపల్లె బస్టాండులో ఎండుచేపల గంపతో ఒకామె పుంగనూరు బస్సెక్కింది. జనం ముక్కులకు కొంగులూ చేతిగుడ్డలూ అడ్డం పెట్టుకున్నారు. కండక్టరు ఆమెను వెనక సీటుకు పంపాడు. నేను లేచి వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను. ఉల్లిపాయ తరగాలన్నా వారం చూసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. నన్నెరిగినవాళ్లు ఆ బస్సులో లేకపోవడం మంచిదైంది.

మూడేళ్ల కిందటి ఎండాకాలంలో, నాన్న సంవత్సరీకం అయ్యాక, అమ్మను ఎక్కడికైనా తిప్పుకొద్దామనుకున్నాం. నేను ఊటీ అన్నాను. అమ్మ సముద్రం అంది. ఏ సముద్రమంటే, తడుముకోకుండా నెల్లూరు దిక్కున ఒక చేపల ఊరి పేరు చెప్పింది. పలమనేరు దాటితే దారి తెలియని మనిషికి ఆ ఊరెలా తెలుసని అడిగితే, టీవీలో చూశానంది. అమ్మ చూసేది సీరియళ్లు. వాటిలో అత్తాకోడళ్లే తప్ప సముద్రం రాదు. సంచి సర్దుతుంటే శెనక్కాయ ఉండల కింద కొత్త పట్టుచీర కనబడింది. ఎవరికంటే, ఊరికే అంది. ఏడాదిగా ఫోను పట్టుకుని దొడ్లోకి పోయి గుసగుసలాడటమూ గుర్తొచ్చింది. ఫోన్లో మాయమాటలు చెప్పి ముసలివాళ్ల బంగారం కాజేసేవాళ్ల గురించి అప్పుడే పేపర్లో చదివి ఉన్నాను. మా ఆయన మాత్రం, టీచరుద్యోగం మాని పోలీసుల్లో చేరమన్నాడు.

ఆ ఊళ్లో ఒడ్డంతా పడవలు, ఆరేసిన వలలు, గాలినిండా చేపల వాసన. మా ఆయన రెండు పూటలూ పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు. రెండో రోజు తెల్లవారి లేచేసరికి లాడ్జిలో అమ్మ లేదు. సంచీ లేదు. అలల కంటే ముందు మనుషుల మొహాలు చూసుకుంటూ ఒడ్డు వెంబడి పరుగెత్తాను.

ఒక పడవ నీడలో, ఇసుక మీద కూర్చుని ఉంది అమ్మ. పక్కన చేపలు ఎండబెట్టే ముసలామె. ఆమె భుజం మీద మా పట్టుచీర. అమ్మ మెడలో గొలుసు ఉందా అని ముందు చూశాను. తర్వాత ఆ ముసలామెను గుచ్చి గుచ్చి చూశాను.

"యాలమ్మా అట్ల సూస్తాండావు? మీ యమ్మను నేనేం ఎత్తకపోనులే," అందామె.

ఆ సముద్రం ఒడ్డున, 'ఎందుకు'ను మా వైపులాగా 'యాల' అనే మనిషి ఎక్కడిది? అప్పుడు గమనించాను, ఆమె ముక్కు అచ్చం మా నాన్న ముక్కు.

మా చిన్నత్త, నాన్న చెల్లెలు, నేను పుట్టకముందే జబ్బుచేసి పోయిందని ఇంట్లో చెప్పేవాళ్లు. పోలేదట. పుంగనూరు సంతకు ఎండుచేపలు తెచ్చే మనిషితో వెళ్లిపోయిందట. బస్సెక్కించింది, అప్పటికి కొత్త కోడలైన మా అమ్మే. తాత ఇల్లంతా శుద్ధి చేయించి, కూతురు చనిపోయిందని ఊరికి చెప్పాడు. అమ్మ మాత్రం ఉత్తరాలు, తర్వాత ఫోన్లు, అన్నీ నాన్నకు తెలియకుండా నడిపింది. ఆయన మనసు కష్టపెట్టడం దేనికని ఊరుకున్నానంది.

చిన్నత్త చాలాసేపు చీర అంచు నిమిరింది. "అన్నకు తెలుసు వదినా. అంగడి సరుక్కని మద్రాసు పోయి, ఆడ్నించి ఒకసారి ఈడికి వచ్చినాడు. నా చేతి నీళ్లు తాగినాడు. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

అమ్మ మొహంలో రంగు మారింది. "ఆ పొద్దు అంగీ జోబీలో ఇసుక ఉండె," అంది నెమ్మదిగా. "యాడిదంటే, ఇసుక లారీలో వచ్చినానన్నాడు. యాడికో, ఎవురి కాడికో పోయొచ్చినాడని ఎన్నేండ్లో ఆయప్పను అనుమానించినా పాపా." చిన్నత్త భుజం మీది చీర సర్దుతూ, "సెప్పింటే నేనూ వచ్చేదాన్ని గదా," అంది.

చిన్నత్త ఆమె చెయ్యి పట్టుకుంది. నేను నా అనుమానాలతో సహా దూరంగా వెళ్లి కూర్చున్నాను. అమ్మా నాన్నా కలిసి అక్కడికి రాగలిగిన ఎండాకాలాలెన్నో ఒకదాని వెనక ఒకటి మా ఇంటి గడప ముందు నుంచే వెళ్లిపోయాయి.