నల్ల కీ చప్పుడు

దయ్యాల కథలు చెబితే ఎగతాళి చేసే మనిషిని నేను. శ్మశానం పక్క షెడ్డులోనే మా రాక్ బ్యాండు ప్రాక్టీసు నడిచేది. స్పీకర్ల కూత తప్ప అక్కడ వేరే కూత వినలేదు. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

బ్యాండులో కీబోర్డు నాది. పాటలు కట్టేదీ, రికార్డింగు చేసేదీ నేనే. పాడేది కె. దిలీపు. కోసపాళయంలో మా ఇంట్లో అమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాడు.

నా పాత కీబోర్డులో ఒక నల్ల కీ పనిచేయదు. నొక్కితే స్వరం రాదు, ప్లాస్టిక్ చప్పుడు మాత్రం టక్ మంటుంది. రిపేరుకు బద్ధకించి, దాన్ని తప్పించి పాటలు కట్టడం అలవాటైపోయింది. ఒక పాటలో మాత్రం, పల్లవి చివర అందరూ ఆగే చోట, వేలు ఊరికే దాని మీద పడేది. ఆ టక్ గదిలో ఉన్నవాళ్ళకే వినిపించేది. కీబోర్డు శబ్దం వైరు గుండా పోతుంది గనుక రికార్డింగులో పడేది కాదు.

ఆ పాటనే దిలీపు ఎత్తుకుపోయాడు. వినడానికని నా రికార్డింగు తీసుకెళ్ళి, చెన్నైలో సంగీతమంతా కంప్యూటరు మీద చేయించి, రచనా సంగీతమూ తనవేనని పేరు వేసుకుని విడుదల చేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

నాకు వినబుద్ధి కాలేదు. పక్కింటి అక్క ఫోనులో పెడితే అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నా కీబోర్డును ఆమె పెట్టె అంటుంది.

"ఏందిరా, నీ పెట్టె టక్కు దీంట్లో యాడనుంచి వచ్చింది?"

అప్పుడు విన్నాను. పల్లవి చివర, సరిగ్గా ఆ ఖాళీలో, టక్. 

కొన్నాళ్ళకు దిలీపే ఇంటికొచ్చాడు. తప్పయిందంటాడేమో అనుకున్నాను. చెన్నైలో చేసినప్పుడు ఆ చప్పుడు లేదట. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వస్తోందట. కాలాపేట కచేరీలోనూ వచ్చిందట.

"అది తీసేదెట్లో చెప్పు మచ్చా," అన్నాడు, పాత స్నేహంతో పిలిచినట్టే.

"పాట ఎవురిదిరా?" అన్నాను.

తల వంచుకున్నాడు. అమ్మ వాడికి కాఫీ ఇవ్వలేదు.

వాడు పోయాక కీబోర్డు ముందు కూర్చుని ఆ కీ నొక్కాను. చప్పుడు లేదు. గట్టిగా కొట్టాను. వేలు దూదిలో దిగినట్టు దిగింది. మెకానిక్ విప్పి చూసి, లోపల ఏదీ మారలేదన్నాడు.

ఎలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ టక్ నా తరఫున సాక్ష్యం చెప్పడానికే పోయిందని అమ్మ అంటుంది. అయి ఉండొచ్చు. నాకు మాత్రం కడుపు మండుతూనే ఉంది. పోయేముందు అది కూడా నాకు ఒక్క మాట చెప్పలేదు.