సారూ, జర పక్కకు జరుగుండ్రి

రీలు కెమెరాలు పోతున్నాయి, ఫోన్లలోకి కెమెరాలు ఇంకా సరిగ్గా రాలేదు, అలాంటి రోజులు. రెండు వేల మూడో నాలుగో అయి ఉంటుంది. అప్పట్లో మా వైపు ఫోటో అంటే మనిషి. పెళ్లిలోనో, పుట్టువెంట్రుకల నాడో, బడి వదిలే రోజునో వరసగా నిలబడి, ఊపిరి బిగబట్టి, తల నూనె మెరుస్తుండగా తీయించుకునేదే ఫోటో. గోడలనూ బురుజులనూ తలుపులూడిన దర్వాజాలనూ ఫోటో తీసే ఆడపిల్లను గద్వాలలో అంతకు ముందెవరూ చూసినట్టు లేరు. చూశాక కూడా వాళ్లేమంత సంతోషపడినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఆ పిల్ల నేనే కాబట్టి కొంత గర్వంగానే తిరిగేదాన్ని. (గర్వానికి కారణమేమిటని ఇప్పుడడిగితే చెప్పడం కష్టం. అప్పుడైతే ఒక్కరూ అడగలేదు.)

అప్పుడు నేనొక చిన్న ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. డిగ్రీ అయింది, బీఎడ్ సీటు రాలేదు, ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి, ఆ మాటలు పగటిపూటైనా వినపడకుండా ఉంటాయని పనిలో చేరాను. కెమెరా మా చిన్నమామది. హైదరాబాదులో మోజుపడి కొని, మోజు తీరగానే నాకిచ్చేశాడు. సబ్బుపెట్టె అంత ఉండేది. కొంచెం మసక పడితే చాలు, దాని ఫ్లాషు దానంతటదే వెలిగేది. ఆ వెలుగు నాలుగడుగులు దాటి పోదు. అందుకని కోటను తీస్తే కోట వచ్చేది కాదు, కోట ముందు ఎగిరే దోమలు వచ్చేవి. చంద్రుడి బొమ్మ ఉన్న చిన్న మీట ఒకటి ఉందనీ, అది నొక్కితే ఫ్లాషు ఆగిపోయి కెమెరా కన్ను కాసేపు తెరుచుకునే ఉంటుందనీ తరువాత కనిపెట్టాను. చిక్కేమిటంటే, ఆ కాసేపట్లో మన చెయ్యి కదిలితే కోట కూడా కదులుతుంది. మొదటి రీలులో గద్వాల కోట మొత్తం భూకంపంలో చిక్కుకున్నట్టు వచ్చింది. స్టూడియో ఆయన ఫోటోలు చేతికిస్తూ, నరాల బలహీనతకు మందు తినరాదా అని సౌమ్యంగా సలహా ఇచ్చాడు.

పగలు హాయిగా తీసుకోక పొద్దుగూకాక ఎందుకీ అవస్థ అంటే, దానికో కారణం ఉంది. పగటి ఎండలో మా కోట గోడలు ఏ రంగూ లేకుండా, అలిగి కూర్చున్నట్టు ఉండేవి. సూర్యుడు దిగిపోయిన తరువాత, చీకటి ఇంకా రాకముందు, కొద్దిసేపు ఆకాశం సిరా రంగులోకి తిరుగుతుంది. అప్పుడు గోడలు లోపలి నుంచి కాస్త వెలిగినట్టుంటాయి. ఒకసారి చూశాను, ఇక అంతే. సాయంత్రమనేదాన్ని ప్రపంచంలో మొదట నేనే కనిపెట్టినట్టు ప్రవర్తించాను. మా బడి కరస్పాండెంటు సారుకు చెప్పాను కూడా: ఏటా దేవుడి బొమ్మే కదా, ఈసారి బడి క్యాలెండరు మీద మన సంస్థానాల భవనాలు వేద్దాం, ఫోటోలు నేనే తీస్తానని. ఆయన గడ్డం గోక్కుని, మంచిగొస్తే చూద్దామన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు.

ఆడపిల్ల పొద్దుగూకే వేళ ఒంటరిగా గోడల చుట్టూ తిరగడానికి మా నాన్న ఒప్పుకోడు. అప్పుడు మా మేనత్త ఆదుకుంది. నాన్నకు అక్క. ఇంట్లో మామయ్య మగ్గం మీద చీరలు నేస్తే, వాటిని మూటగట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది ఆమే. అందుకే మేమంతా ఆమెను మూటత్త అనేవాళ్లం. అబద్ధాలకోరని అనలేను గాని, ఉన్న నిజానికి ఒక అంచు, ఒక కొంగు తగిలించకుండా చెప్పడం ఆమె వల్ల అయ్యేది కాదు. రెండు రోజుల సెలవు వచ్చినప్పుడు, వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ చీరలు తీసుకుపోతున్నాననీ, రెండో మూట పట్టుకునేందుకు పిల్లను పంపమనీ నాన్నను అడిగింది. పగలంతా ఆమె మూట నేను మోయాలి, సాయంత్రం నా కెమెరా పక్కన ఆమె నిలబడాలి. ఇదీ మా ఒప్పందం.

బయలుదేరే ముందు రోజు కోట దగ్గర ఒకసారి చేసి చూసుకున్నాం. చెయ్యి వణకకుండా కెమెరాను దేని మీదైనా ఆనించాలి. నడుమెత్తు గట్టు మీద చీరల మూట పెట్టి, దాని మీద కెమెరా పెడితే అమరినట్టు కుదిరింది. (పట్టు మీద ఇనుప సామానేంటని అత్త చాలాసేపు ఒప్పుకోలేదు. పైన తువ్వాల పరిచాక ఊరుకుంది.) తీరా నేను వంగి చూస్తే, బురుజు ముందు అత్త కొంగు సర్దుకుని నిలబడి ఉంది. పక్కకు రమ్మంటే ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"నేను గూడ లేకుంటే ఇంక ఏముందని తీస్తవు బిడ్డా?" అంది.

మరునాడు పెబ్బేరు మీదుగా బస్సులో వనపర్తి చేరాం. పగలంతా అత్త తెలిసినవాళ్ల ఇళ్లలో చీరలు విప్పింది, నేను మడతపెట్టాను. పొద్దు వాలుతుండగా పాత రాజుగారి భవనం దగ్గరికి పోయాం. అందులో కాలేజీ నడుస్తోంది. గేటు దగ్గర కాపలా ఉన్న ముసలి సాహెబు మమ్మల్నీ మా మూటనూ చూసి, కాలేజీ బంద్ అయింది, ఏం పని అన్నాడు. నేను "ఫోటో..." అని నోరు తెరిచాను. అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది. పెళ్లీడు పిల్ల గోడల ఫోటోలు తీయడానికి పక్క ఊరికి వచ్చిందని పరాయి మనిషికి చెప్పుకోవడం ఆమెకు నామోషీ. అప్పటికప్పుడు గొంతు తగ్గించి, ఇక్కడ పనిచేసే సారొకాయన సంబంధం ఉందన్నారు, పిల్లగాడు ఎట్లుంటాడో చూసిపోదామని వచ్చామంది. ఏ సారు అని సాహెబు అడిగాడు. పేరు గుర్తుకొస్తలేదు, పెండ్లి కాని సారు అంది అత్త.

ఆ ముసలాయన మొహం వెలిగిపోయింది. ఆ కాలేజీలో పెళ్లికాని లెక్చరర్ ఒక్కడే ఉన్నాడట, వెనక గదిలోనే ఉంటాడట, బంగారమట. గేటు బార్లా తెరిచాడు. మమ్మల్ని లోపల చెట్టు కింది గట్టు మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని పోయాడు. నీళ్లు తేవడానికి పోయాడనుకున్నాం. ఎదురుగా ఆ భవనం మొత్తం కనబడుతోంది, అడ్డం ఏమీ లేదు. పడమటి వైపు ఎరుపు తగ్గి నీలం ఎక్కుతోంది. గట్టు మీద మూట పెట్టి, మూట మీద కెమెరా పెట్టి, చంద్రుడి మీట నొక్కి, ఆకాశం ఇంకొంచెం ముదరాలని కాచుకున్నాను. జల్ది తీస్తే జల్ది పోదామని అత్త తొందరపెడుతోంది. తొందరపడి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సాహెబు నీళ్లకు పోలేదు. లెక్చరర్‌ను తోడుకొని వచ్చాడు. అతను అప్పుడే స్నానం చేశాడని, జుట్టు తడిగా దువ్వుకున్నాడని, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడని అత్త తరువాత చెప్పింది. నాకు తెలిసింది ఒకటే. పౌడరు వాసన వేసే ఒక తెల్లచొక్కా సరిగ్గా నా కెమెరాకూ భవనానికీ మధ్య వచ్చి నిలబడింది.

అత్తకు ఇప్పుడు వెనక్కి తగ్గే దారి లేదు. ఏ ఊరు, ఎంతమంది అన్నదమ్ములు, భూమి ఎక్కడుంది అని అడగడం మొదలుపెట్టింది. అతను పాపం అన్నిటికీ వినయంగా జవాబు చెప్పాడు. ఆత్మకూరు దగ్గరి పల్లె అట. తరువాత నన్ను అడిగాడు, ఏం చదివారని. అతని భుజం మీదుగా ఆకాశాన్ని చూస్తూ చెప్పాను. ఏ బడిలో పనిచేస్తున్నారని అడిగాడు. అతని చెవి పక్కనుంచి మేడ అంచును చూస్తూ చెప్పాను. సరిగ్గా నేను కోరుకున్న రంగు వచ్చింది. ఇంకాసేపుంటే పోతుంది. అతను అటు జరిగితే నేను ఇటు వంగుతున్నాను, ఇటు జరిగితే అటు వంగుతున్నాను. పెళ్లిచూపుల్లో ఇంత సిగ్గుపడే పిల్లను సాహెబు చూసి ఎన్నాళ్లయిందో, దూరంగా నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు. చివరికి అతను గొంతు సవరించుకుని అత్త వైపు తిరిగాడు.

"అమ్మా, మీరేమనుకోవద్దు. వచ్చినకాంచి అమ్మాయి నాదిక్కు ఒక్కపారి గూడ చూడలేదు. ఇష్టం లేని పిల్లను బలవంతంగ తోలుకొచ్చినట్టున్నరు. నాకు ఈ సంబంధం వద్దు."

మంచి మాటే. ఆ వయసు మగవాడు ఆ రోజుల్లో అంత మంచి మాట అనడం నేను తక్కువగా విన్నాను. కానీ అత్త మొహం కందిపోయింది. మా పిల్లకేం తక్కువ, చదువు లేదా, రంగు లేదా, సిగ్గుపడితే అది కూడా తప్పేనా అని మొదలుపెట్టింది. అసలు లేని సంబంధం తప్పిపోతుంటే ఆమె దాన్ని నిలబెట్టడానికి నానా తంటాలు పడుతోంది. మేడ మీది నీలంలో నలుపు కలుస్తోంది. నేను ఇక ఆగలేకపోయాను.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి. వెలుగు పోతుంది."

అతను ముందు నన్ను చూశాడు, మూట మీది కెమెరాను చూశాడు, తరువాత మెల్లగా వెనక్కి తిరిగి, తాను రోజూ పాఠం చెప్పే ఆ భవనాన్ని చూశాడు. ఆ తరువాత పక్కకు జరిగాడు. నేను మీట నొక్కాను. టక్కుమని తెరుచుకుంది. అత్తతో సహా అందరం ఎందుకో ఊపిరి బిగబట్టాం. మళ్లీ టక్కుమంది.

"దీనికోసమే వచ్చిండ్రా?" అన్నాడు.

అవునన్నాను. అతను నవ్వలేదు, కోప్పడలేదు. రేపొస్తే మేడ మీదికి కూడా పోవచ్చు, తాళంచెవి ఇప్పిస్తానన్నాడు. రేపు నాగర్‌కర్నూలు పోవాలన్నాను. సరే అని తలూపి తన గదివైపు నడిచిపోయాడు. సాహెబు మాత్రం గేటు వేస్తూ మా వైపు చూడలేదు. ఆ ముసలాయనకు ఆ సంబంధం నిజంగానే కుదిరితే బాగుండునని ఉన్నట్టుంది.

ఆ రాత్రి చుట్టాల ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అత్త ముద్ద ఎత్తలేదు. మనం ఊరికే అన్నామనుకో, ఊరికే అన్న సంబంధాన్ని కూడా వద్దంటాడా అని ఆమె బాధ. నేను ఊరడించాను గాని, ఊరడిస్తుంటే నాకూ ఎక్కడో కొంచెం కలుక్కుమంది. నేను అడగలేదు, నాకు అక్కర్లేదు, అతను చెప్పిన కారణం కూడా సబబే. అయినా నా జీవితంలో నన్ను వద్దన్న మొదటి మనిషి అతను. అన్నం తింటూ, ఒక్కసారి చూస్తే పోయేదేముంది అని నన్ను నేనే అడిగాను. వెలుగు పోయేది, అని నేనే చెప్పుకున్నాను.

నాగర్‌కర్నూలులో చీరలు బాగానే అమ్ముడుపోయాయి. పొద్దు వాలే వేళకు దగ్గరి పల్లెలోని పాత దొరల గడికి ఆటోలో పోయాం. మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఈసారి అత్త ఏ కథ అల్లుతుందో, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని నేను బిక్కుబిక్కుమంటూ వెనక నిలబడ్డాను. అత్త చెప్పులు విడిచి, కొంగు నిండుగా కప్పుకుని, ముందుకు పోయింది.

"మా పిల్ల ఫోటోలు తీస్తది అయ్యా. పొద్దుగూకంగ మీ గడి శాన మంచిగుంటదంట. జర తీసుకోనిస్తరా?"

ఆయన, తీసుకోండ్రి దానికేముంది అన్నాడు. అంతే. అడ్డంగా కట్టేసిన బర్రెను పక్కకు తోలించి, మాకు చాయ్ చెప్పి, ఫోటోలో తాను వస్తానేమోనని తానే లేచి లోపలికి పోయాడు. నేను గడిని మరిచి అత్తనే చూస్తుండిపోయాను. మా పిల్ల ఫోటోలు తీస్తది అని అత్త ఒక పరాయి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆమె మాత్రం తిరుగు దారంతా కొంచెం నిరాశగానే ఉంది. ఇంత సులువని తెలిస్తే నిన్న అంత మాట పడకపోదుము కదా అంది.

గద్వాల వచ్చి రీలు కడిగిస్తే సగానికి పైగా చీకటే. గడి బాగానే వచ్చింది గాని ఒక పక్కకు ఒరిగింది. వనపర్తి భవనం మాత్రం, నేను తీశానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. సిరా నీలం ఆకాశం, దాని కింద కదలకుండా నిలబడ్డ మేడ, ప్రతి కిటికీ కమానూ తెలుస్తోంది. కుడిపక్క చివర తెల్లగా ఒక చొక్కా చెయ్యి. అతను జరిగాడు గాని, చాలినంత జరగలేదు. కరస్పాండెంటు సారు ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూసి, బడి క్యాలెండరు ఇంత చీకటిగా ఉంటే పిల్లల్ని ఎవరు చేర్పిస్తారమ్మా అన్నాడు. ఆ ఏడు కూడా దేవుడే వచ్చాడు. దేవుడి కింద, కొంచెం చిన్నగా, కరస్పాండెంటు సారు వచ్చాడు.

వనపర్తి ఫోటోను అత్త అడిగి తీసుకుంది. అది చేతిసంచిలో పెట్టుకుని, పోయిన ఊరిలోనల్లా చీరలు చూపించడానికి ముందే దాన్ని చూపించేది. ఇంత చీకటేందమ్మా అని ఎవరన్నా అంటే, పొద్దుగూకినంక గట్లనే ఉంటది, చూసే కన్ను ఉండాలె అని గదమాయించేది. ఈ చెయ్యి ఎవరిదని అడిగితే మాత్రం గొంతు తగ్గించి, ఒక లెక్చరర్ సారు వెంటపడ్డాడనీ, మా పిల్లే వద్దందనీ చెప్పేది. అది విన్నప్పుడల్లా నేను సిగ్గుతో చచ్చిపోయి, అట్లా చెప్పొద్దని అత్తతో పోట్లాడేదాన్ని.

అత్త పోయాక ఆ ఫోటో నా దగ్గరికే వచ్చింది. అంచులు మెత్తబడ్డాయి, నీలం కొంచెం వెలిసింది. మొన్న మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, ఈ తెల్లచొక్కా ఎవరమ్మా అని అడిగింది. నేను తడుముకోకుండా, అత్త చెప్పినట్టే చెప్పాను. అది నమ్మింది కూడా. ఆయన ఎట్లుండేవాడని అడిగింది. గుర్తు చేసుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. ఆకాశం తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.