కుడిచేతి గ్లౌజు

ఛాతీ వార్డు నర్సును ఆసుపత్రిలో అందరూ పెద్దక్క అనేవారు. దగ్గే రోగి వీపు నిమురుతూ, "సిగరెట్ మానకపోతే మళ్లీ నా మొహమే చూడాలి, ఆ శిక్ష చాలదా?" అని నవ్వించేది. అలా నవ్వించి, తిన్నగా లాండ్రీ గది వెనక్కి వెళ్లి తానే ఒకటి వెలిగించేది. ఏం చేస్తుంది మరి! తెల్లారినప్పటి నుంచీ నిలబడ్డ మనిషి కాసేపు కూర్చుంటానంటే ఒప్పుకోరు, సిగరెట్‌కని వెళ్తే మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ వార్డులో సగం మంది నర్సులకు అలవాటు అలాగే అంటుకుంది.

పెద్దక్కకు అంటించింది తోటి నర్సు. ఆమెను చెల్లీ అని పిలిచేది. ఇద్దరికీ కలిపి ఒకటే సిగరెట్. వేళ్లకు వాసన పట్టకుండా కుడిచేతికి గ్లౌజు తొడుక్కునే ఉపాయం పెద్దక్కది. అది మూడో కంటికి తెలియదు.

ఒకరోజు మేట్రన్ అందరినీ పిలిచి, ఇకపై ఆవరణలో పొగ తాగినవాళ్లను వార్డు నుంచి స్టోర్‌కు మారుస్తానంది. పెద్దక్కకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. స్టోర్‌లో పెట్టెలు తప్ప పలకరించే ప్రాణి ఉండదు. ఇంటికెళ్తే ఎదురుచూసేది తాళంకప్ప. రోగులే ఆమె లోకం. ఇద్దరూ ఒట్టు పెట్టుకుని ఆ రోజే మానేశారు.

వారం తిరక్కుండా మేట్రన్ పిలిచింది. "నిన్న లాండ్రీ వెనక పొగ కనిపించింది. అది నువ్వేనట కదమ్మా, కుడిచేతికి గ్లౌజు తొడుక్కుని మరీ!"

నిన్నటిది తనది కాదు. కానీ ఇన్నేళ్లవీ తనవే, ఏ మొహంతో కాదంటుంది? ఇక గ్లౌజు సంగతి తెలిసింది చెల్లికి ఒక్కదానికే.

చెల్లి వార్డు గుమ్మంలోనే దొరికింది. కళ్లనిండా నీళ్లు. "ఆగలేకపోయానక్కా. ఆవిడ గద్దించేసరికి భయమేసి నీ పేరు చెప్పేశాను."

"ఒట్టు తీసి గట్టున పెట్టావు, సరే. నన్ను ఒక్క మాట అడిగుంటే నా పేరు నేనే చెప్పేదాన్ని కదే!" అంది పెద్దక్క.

పెద్దక్కను స్టోర్‌కు మార్చిన మర్నాడు వార్డుకు గ్లౌజులు కావాలంటూ స్టోర్‌కు వచ్చింది చెల్లే. తలెత్తలేదు. పెట్టె అందుకుని, అలవాటు కొద్దీ అందులోంచి ఒక్క గ్లౌజు లాగి జేబులో వేసుకుంది.

పెద్దక్క చూసింది. "ఇంకోటి తీసుకో," అంది. "ఈసారి ఎవరి పేరు చెప్తావో, వాళ్లకీ కావాలిగా."