చెప్పుల వరుస

బాన్సువాడలో బస్సు దిగి నేను వెళ్లిన దవాఖానలో ఆ రోజు నిలబడటానికి కూడా చోటు లేదు. అందరిలాగే నేనూ నా వంతు కోసం చెప్పులను వరుసలో విడిచి, బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాను. గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక లావుపాటి ఆమె, వరుస కదిలినప్పుడల్లా తన చెప్పులతో పాటు మా అందరి చెప్పులనూ కాలితో ముందుకు జరుపుతోంది.

"కూర్చో అక్కా," అంటూ కొంచెం జరిగాను.

"వద్దు చెల్లె. నేను కూసుంటే ఇద్దరి జాగ పోతది. మోకాళ్ల నొప్పులకే అచ్చిన. కూసుంటే మల్ల లేవస్తలేదు."

ఆమె వంతు వచ్చింది. లోపలికి వెళ్లీ వెళ్లగానే బయటికి వచ్చేసింది.

"డాక్టరు ఏమన్నాడు?"

"బరువు తగ్గుమన్నడు. మోకాళ్లు సూడనే లేదు, నన్ను సూసిండు." నా వెనక ఉన్న జనాన్ని చూసి, "ఇగ ఆయన మాత్రం ఏం జేస్తడు, గింతమంది ఉంటే," అంది.

చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది. వరుసలో ఆమె చెప్పులు ఉన్నచోటు ఖాళీ అయింది. మోకాళ్లు బాగానే ఉన్న మేమంతా, ఎవరో వచ్చి జరుపుతారన్నట్టు, ఇంకా బెంచీ మీదే కూర్చున్నాం.