కిటికీ వెనక చిన్నాయన

మొన్న ఆదివారం మా ఆయన మోకాలికి రాద్దామని ఆవనూనె సీసా మూత తీశానో లేదో, హాల్లో కూర్చుని టీ తాగుతున్న మా చిన్నాయన గ్లాసు కింద పెట్టి, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఏమైందని మా ఆయన కళ్ళతోనే అడిగాడు. పెళ్ళయి ఏడాదయినా ఆయనకు మా ఇంటి సంగతులు సగమే తెలుసు. మిగతా సగం చెప్పాలంటే ముందు ఒక దున్నపోతు గురించి చెప్పాలి, క్రికెట్‌లో పడి కాలు చాపుకుని కూర్చున్న మొగుడి దగ్గర దున్నపోతు మాట ఎత్తితే తననే అంటున్నానని మూతి ముడుచుకుంటాడు. అందుకని ఏమీ లేదులే అని నూనె రాస్తూ ఉండిపోయాను.

మా ఇల్లు నారాయణగూడకూ చిక్కడపల్లికీ నడుమ, పోస్టుమ్యాన్ కూడా రెండింట్లో ఏదో తేల్చుకోలేని ఒక సందులో ఉండేది. ముందు మూడు గదులు, వెనక పెరడు, పెరట్లో రేకుల కొట్టం, కొట్టంలో ఆరు బర్రెలు. పెరట్లోకి తెరుచుకునే కిటికీ ఒక్క వెనక గదికే ఉండేది. తెల్లవారేసరికి తవుడు నానిన వాసన, పొయ్యి మీద ఉలవలు ఉడికే వాసన, పేడ వాసన, వాటన్నిటి మీదుగా నాయనమ్మ వేసిన సాంబ్రాణి పొగ కలిసి దుప్పటిలోకి దూరి నన్ను లేపేవి. అప్పటికే మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు శ్రీశైలం, మోపెడ్‌కు రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని అశోక్‌నగర్ హాస్టళ్ళకు పాలు పోసి రావడానికి బయలుదేరేవాడు. సెలవు రోజుల్లో నన్నూ ముందు నిలబెట్టుకునేవాడు. ఊళ్ళ నుంచి వచ్చి సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే అన్నలు ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో స్టీలు గిన్నె పట్టుకుని మెట్ల మీద వరసగా కూర్చునేవారు. “శ్రీశైలమన్నా, దీంట్ల పాలెన్ని, నీళ్లెన్ని?” అని ఎవరో ఒకరు రోజూ అడిగేవారు. “ఈ సవాలే పేపర్ల వస్తదంట, సదువుకో తమ్మీ” అని చిన్నాయన రోజూ అదే జవాబు చెప్పేవాడు.

నవాబు అనే ఆ దున్నపోతు మా కొట్టంలోనే పుట్టింది. పుట్టిన వారానికే తల్లి చచ్చిపోయింది. పాలమ్ముకునే ఇంట్లో పోతుదూడను ఎవరుంచుకుంటారు, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు తాత. చిన్నాయన వినలేదు. సీసాతో పాలు పట్టి, గోనెసంచి కప్పి, చలికాలమంతా కొట్టంలోనే మంచం వేసుకుని పడుకుని దాన్ని బతికించాడు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అది కొట్టం తలుపులో పట్టనంత నల్లటి కొండయింది. రోజూ సాయంత్రం ఆవనూనె వెచ్చచేసి, మెడ నుంచి తోక దాకా దాని ఒంటికి పట్టించి, అదే చేతులతో నా జుట్టు కూడా నిమిరేవాడు చిన్నాయన. అమ్మ మొత్తుకునేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన ఉంటే చిన్నాయన ఉన్నట్టే.

దీపావళి వెళ్ళాక నారాయణగూడ చౌరస్తాలో మా యాదవులు చేసే సదర్ పండుగ గురించి హైదరాబాదు వాళ్ళకు చెప్పక్కర్లేదు. కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల పట్టీలు, బంతిపూల దండలు, నెత్తిన నెమలి ఈకలతో దున్నపోతులు పెళ్ళికొడుకుల్లా వస్తాయి, డప్పులు మోగుతుంటే యజమాని మాట మీద ఆటలాడతాయి. చిన్నాయన “హౌ నవాబ్, సలాం” అంటే మా నవాబు ముందు కాళ్ళు రెండూ మడిచి, తల నేలకు ఆనించి మొక్కేది. అదే మాట ఇంకెవరన్నా దానికి వినపడేది కాదు. ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అనే సామెత పుట్టించినవాడు ఎన్నడూ దున్నపోతును పెంచి ఉండడని నా నమ్మకం.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు అది. బళ్ళు మూశారు, బస్సులు ఆగాయి, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాయన సమ్మెలో ఉండి ఇంటిపట్టునే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే చిన్నాయనకు వీసా వచ్చింది. ఒమన్‌లో ఒక డైరీకి పాల వ్యాను నడిపే పని, రెండేళ్ళ కాంట్రాక్టు. మా దగ్గర పాలు తీసుకునే ఇళ్ళు ఒక్కొక్కటే ప్యాకెట్లకు మారిపోతున్నాయి, సందులో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు పేడ కంపంటూ గొడవకొస్తున్నారు, వెళ్ళక తప్పదని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. నాయనమ్మ ఒక్కతే, “ఇంట్ల పాలు ఇడిసిపెట్టి ఆడికివోయి పాలమ్ముతవార?” అని రోజుకోసారి అడిగేది. విమానం దీపావళికి ముందు రోజు. సదర్ అయ్యాక పోతానని చిన్నాయన ఏజెంటును బతిమాలుకున్నాడు. “నీ దున్నపోతు కోసం విమానం ఆగదు తమ్మీ” అన్నాడట అతను.

ఏజెంటు ఆ మాటన్న రోజే తాత కొట్టం ముందు నిలబడి తేల్చి చెప్పాడు. “నువ్వు పోయినంక దీన్ని పట్టేటోడెవ్వడు? ఎవ్వని మాటన్న ఇంటె ఉంచుత. లేకుంటె అమ్ముత. ఇంత సందుల మొండిపోతును పెట్టుకుని నేనేం జెయ్య?” తాత మాటలో తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. చిన్నాయన పోవడం నేను ఆపలేను. నవాబునైనా ఉంచుకోవాలని రోజూ దేవుడి పటం ముందు నిలబడి మొక్కుకునేదాన్ని.

ఆ నెలంతా మా ఇల్లు రోజూ పండగే చేసుకుంది. బతుకమ్మ రోజుల్లో మలీద ముద్దలు, సత్తుపిండి, దసరాకు బగారన్నం, తలకాయ కూర, అవి అరగకముందే మక్క గారెలు, సర్వపిండి, చిక్కడపల్లి మార్కెట్లో గంపల కొద్దీ దిగిన సీతాఫలాలు. చిన్నాయన నోరు తెరిచి అడగకముందే అన్నీ ఆయన ముందుకు వచ్చేవి, ఆయన తింటుంటే నాయనమ్మ ఎదురుగా కూర్చుని తినే నోటినే చూసేది. నాకూ అడిగినవన్నీ కొనిపెట్టాడు: రిబ్బన్లు, రంగు పెన్సిళ్ళు, ఎన్నాళ్ళుగానో ఏడుస్తున్న స్కేట్లు. ముందు సంతోషపడ్డాను. తర్వాత, ఇవన్నీ ఎందుకిస్తున్నాడో తెలిశాక, స్కేట్లను మంచం కిందికి తోసేసి అమ్మ చేత తన్నులు తిన్నాను.

ఇక నవాబును పట్టే బాధ్యత మా నాయన మెడకు చుట్టుకుంది. నాయన చిన్నప్పుడు బర్రె తన్నితే పన్ను పోగొట్టుకున్న మనిషి. అప్పటి నుంచి కొట్టం వైపు చూసేవాడు కాదు. అలాంటివాడికి చిన్నాయనదే ఉతకని చొక్కా, లుంగీ తొడిగి, చేతులకు ఆవనూనె పూసి, గొంతు కూడా తనలాగే పెట్టమని నేర్పించారు. “అన్నా, అట్ల కాదు, ఆఫీసుల సంతకం అడిగినట్టు పిలుస్తున్నవు, జర గట్టిగ పిలువు” అని చిన్నాయన గోడ మీద కూర్చుని నవ్వేవాడు. నాయన ‘హౌ నవాబ్’ అంటే అది నిదానంగా తల తిప్పి, చొక్కాను వాసన చూసి, ఫుస్సుమని ఒక నిట్టూర్పు విడిచి, గోడ మీదున్న అసలు మనిషి వైపు నడిచేది. సందులో వాళ్ళంతా డాబాల మీదికెక్కి పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే తాత ముఖం చూశాను. తాత నవ్వడం లేదు.

“నువ్వు కనవడుతుంటె అది ఇంకొకని మాట వినదురా. ఇగ దాని కండ్ల వడకు” అన్నాడు తాత ఆ సాయంత్రం.

అట్లా మా చిన్నాయన, పోవడానికి ఇంకా పది పన్నెండు రోజులుండగానే, ఇంట్లో ఉండీ లేని మనిషయ్యాడు. పగలంతా వెనక గదిలో కిటికీ తలుపులు మూసుకుని, గట్టిగా దగ్గకుండా, గట్టిగా మాట్లాడకుండా కూర్చునేవాడు. బయటికి పోవాలంటే ముందు వాకిట్లోంచి దొంగలా పోయి వచ్చేవాడు. నేను ఆయనతో చింతగింజలతో అష్టాచెమ్మ ఆడేదాన్ని. పందెం నాదా ఆయనదా కూడా ఆయనకు పట్టేది కాదు, చెవులు రెండూ కిటికీ అవతలే. కాసేపటికోసారి తలుపు సందులో కన్ను పెట్టి చూసి, “మల్లీ, జర పోయి సూసిరా, కుడితి తాగిండా?” అని నన్నడిగేవాడు. తాత దాన్ని ‘అది’ అనేవాడు, చిన్నాయనకు మాత్రం నవాబు ఎప్పుడూ ‘వాడే’. నేను పెరట్లోకి పోయి, చూసి, వచ్చి చెప్పేదాన్ని. దూరదేశంలో ఉన్నవాడికి కబురు చేరవేసినట్టే ఉండేది, మధ్యలో ఉన్నది ఒక చెక్క తలుపే అయినా.

మొదటి రెండు రోజులు నవాబు మేత ముట్టలేదు. మూడో రోజు నాయన చేతిలోని బెల్లం ముక్క నాకింది. ఆ తర్వాత కుడితి తాగింది, నూనె రాయించుకుంది, చివరికి ఒక సాయంత్రం నాయన మాట మీద ముందు కాళ్ళు మడిచి సలాం కూడా చేసింది. నాయన ఆనందం చూడాలి, ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత పొంగిపోలేదు. ఒక్కటే చిత్రం, నాయన ఎటు నిలబెట్టినా అది మెల్లగా తిరిగి ఇంటి గోడ వైపే ముఖం పెట్టి తినేది. ఎందుకని అడిగితే, అటు నుంచి గాలొస్తదని తాత చెప్పాడు. నేను పరుగున పోయి చిన్నాయనకు సలాం సంగతి చెప్పాను. ఆయన నన్ను దగ్గరికి తీసుకుని “మంచిదే బిడ్డా, మంచిదే” అన్నాడు. అన్న తర్వాత ముఖం గోడకు తిప్పుకుని చాలాసేపు పడుకున్నాడు. కోరుకున్నదే జరిగితే మనిషికి అంత నొప్పి ఎందుకో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

పోయే రోజు సూట్‌కేసు ఆటోలో పెట్టాక చిన్నాయన ఒక్కసారి పెరట్లోకి పోయి వస్తానన్నాడు. తాత అడ్డం నిలబడ్డాడు. “పోకురా. మల్ల మొదటికొస్తది.” చిన్నాయన కొట్టం వైపు రెండు చేతులూ ఎత్తి మొక్కి, ఆటో ఎక్కాడు. వెనక పెరట్లో నాయన ఉలవలు పెడుతుంటే నవాబు తింటున్న చప్పుడు వాకిట్లోకి వినపడుతూనే ఉంది.

ఆ తర్వాత రెండు రోజులు అది సరిగ్గా తినకపోతే, టపాకాయలకు బెదిరిందనుకున్నాం. సదర్ సాయంత్రం అలంకారం చేసి చౌరస్తాకు తీసుకుపోయాం. డప్పులు, ఈలలు, నేల ఈనినట్టు జనం. నాయన ‘హౌ నవాబ్’ అన్నాడు, కదలలేదు. మళ్ళీ అన్నాడు, బతిమాలాడు. చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. అప్పుడే నాయన ఫోను మోగింది, ఒమన్ నుంచి చిన్నాయన. సంగతి విని, “వాని చెవు కాడ పెట్టుండ్రి, నేను జెప్త” అన్నాడు. మాకు అది గొప్ప ఉపాయం అనిపించింది. నాయన నన్ను ఎత్తి పట్టుకుంటే, స్పీకరు పెట్టి ఫోను నవాబు చెవి దగ్గర ఉంచాను.

“హౌ నవాబ్, సలాం!”

దాని ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. ఫోను వైపు చూడలేదు. తల ఎత్తి, గాలిలో ఏదో వెతికి, వెనక్కి తిరిగింది. జనం చీలిపోయారు. పట్టుకున్న నలుగురినీ ఈడ్చుకుంటూ, పూలదండలు తెగి రాలుతుండగా, వచ్చిన దారినే ఇంటికి పరుగెత్తింది. మేము ఆయాసపడుతూ పెరట్లోకి చేరేసరికి, అది కొట్టంలో లేదు. వెనక గది కిటికీ దగ్గర, మూసిన తలుపులకు ముఖం ఆనించి నిలబడి ఉంది. చిన్నాయన పది రోజులు ఊపిరి బిగబట్టి దాక్కున్న కిటికీ. మనుషులం కదా, తలుపు మూస్తే చాలనుకున్నాం. ఆయన అక్కడున్నాడని తెలిసే అది నాయన మాట విన్నది.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. “మల్లీ, సలాం కొట్టిండా? ఇనవడ్తలేదు, చెప్పు బిడ్డా!” తాత నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. “కొట్టిందిరా. బస్తీ అంత సూసింది” అన్నాడు. అని, అరుగు మీద కూలబడ్డాడు.

దాన్ని కిటికీ దగ్గర నుంచి కదిలించడం ఎవరి తరమూ కాలేదు. వాన పడ్డా, నాయనమ్మ కన్నీళ్ళతో బెల్లం పెట్టినా, అక్కడే నిలబడి కొమ్ముతో చెక్కను గీకేది. డొక్కలు లోపలికి పోయాయి. ఒక పొద్దున ఊరి బయట పోతులను సాకే ఆసామి ఎవరో వ్యాను తెచ్చాడు. తాత డబ్బు కూడా లెక్కపెట్టుకోలేదు. నేను కొట్టం గుంజను పట్టుకుని ఏడ్చాను, ఎవరూ నన్ను తిట్టలేదు, ఎవరూ ఓదార్చలేదు. ఆ తర్వాత రెండేళ్ళూ ప్రతి శుక్రవారం చిన్నాయన ఫోన్ చేసి “నవాబు మంచిగున్నడా?” అని అడిగితే, అందరం “మంచిగున్నడు” అన్నాం. ఎడారిలో ఒంటరిగా ఉన్నవాడికి ఇంకేం చెప్తాం?

రెండేళ్ళు ఎప్పుడైనా రెండేళ్ళే, గడిచాయి. చిన్నాయన తిరిగొచ్చాడు. ఖాళీ కొట్టాన్ని చూశాడు. వెనక గదిలోకి పోయి కిటికీ తలుపులు తెరిచాడు. బయటి వైపు చెక్క మీద, ఒకదాని మీద ఒకటిగా, కొమ్ముల గీతలు. వెనకే వచ్చిన తాత సదర్ సాయంత్రం నుంచి జరిగిందంతా చెబుతుంటే, వేలితో వాటిని తడుముతూ నిలబడిపోయాడు. తర్వాత నన్ను పిలిచి, “నేను ఫోన్ల మాట్లాడకుంటె బాగుండునా బిడ్డా?” అన్నాడు. నాకు అప్పుడు పదకొండేళ్ళు.

ఇప్పుడు ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. కొట్టం ఉన్నచోట కార్లు ఆగుతాయి. బర్రెలు లేవు, తాత లేడు, నాయనమ్మ లేదు. కిటికీ ఇల్లు కూల్చిన మట్టితో పాటు లారీలో పోయింది, తీసి ఉంచుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు. సదర్ మాత్రం ఏటికేడు పెద్దదవుతోంది. ఆ సాయంత్రం బర్కత్‌పురలో తన ఫ్లాటు తలుపులన్నీ బిగించుకుని చిన్నాయన టీవీ సౌండు పెంచుకుంటాడు.

మా ఆయన మోకాలికి కట్టు కట్టి లేచేసరికి చిన్నాయన ఇంకా బాల్కనీలోనే ఉన్నాడు, కింద రోడ్డు వైపు చూస్తూ. టీ చల్లారిపోయిందని, మళ్ళీ పెడతానని అన్నాను.

“వద్దు బిడ్డా. ఆ సీసకు జర మూత పెట్టు” అన్నాడు.

పెట్టాను. చేతులు కూడా సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. అయినా ఆయన వెళ్ళేటప్పుడు, ఎప్పటిలాగే తల నిమురుతాడేమోనని దగ్గరగా నిలబడితే, నా చేతుల వాసన తగిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.