సీసా మీద అబిగయీలమ్మ

మా మేనమామ చిన్నపోలయ్యకు కోపం వచ్చిందని తెలుసుకోవడం చాలా తేలిక. కుంచెను కిరసనాయిల్ డబ్బాలో ముంచి, మురికి లేకపోయినా కడుగుతూ కూర్చుంటాడు. నేను కోట ఊరి సెంటర్లో కంప్యూటర్ డిజైన్ల షాపు తెరిచిన రోజు అరగంట కడిగాడు. మా ఇంట్లోనే ఉండే ఆయన నలభై ఏళ్లుగా చేత్తో బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చి ఆయన పనిని మింగేశాయి. ఆ ఫ్లెక్సీలు తయారుచేసేది సొంత చెల్లెలి కూతురు. అంటే నేనే, వినీల. “నీ షాపు పేరు నేను రాస్తా మే” అని ఆయన అడిగితే, వద్దని ఫ్లెక్సీ కట్టుకున్నాను. అది తప్పేనని ఒప్పుకుంటాను గానీ ఆయన ముందు కాదు.

మాది సముద్రం ఒడ్డున ఉన్న పాళెం. మా వాళ్లందరిదీ చేపల వేట. మామకు మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. వేటగాళ్ల ఇంట్లో పుట్టి సముద్రం పడనివాడని ఊరంతా నవ్వింది. ఆయన మాత్రం పడవ ఒడ్డున ఉన్నప్పుడు దాని మీద పేరు రాసే పని పట్టుకున్నాడు. అక్కడి నుంచి కోటకు, చిట్టమూరుకు వెళ్లి గోడలన్నీ తనవి చేసుకున్నాడు. ఎరువుల ప్రకటనలు, సినిమా పేర్లు, ఓట్ల గుర్తులు ఏవైనా రాసేవాడు. ఏ పార్టీ గుర్తయినా ఒకే శ్రద్ధతో వేసేవాడు కాబట్టి ఓడిపోయినవాళ్లు కూడా ఆయన్ని ఏమీ అనలేదు. ఆడమనిషి బొమ్మ వేస్తే మాత్రం అన్నిటికంటే చివర నుదుటన ఎర్రచుక్క పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాడు. ఒకసారి ఆరోగ్య ప్రకటన కోసం వేసిన నర్సమ్మకు కూడా రూపాయి కాసంత బొట్టు పెట్టాడు. ఆ గోడ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆయన్ని ఏడిపించేదాన్ని.

మొన్న నవంబరులో మగ్దలీనమ్మ పెద్దమ్మ నా షాపుకు వచ్చింది. చుట్టరికం లేదు, అలా పిలుస్తానంతే. చర్చి వీధిలో రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతుంది. ఆ పచ్చడి రుచి తెలియనివాళ్లు కోటలో తక్కువ. ఇన్నాళ్లూ హార్లిక్స్ సీసాల్లో, కాఫీ పొడి సీసాల్లో పోసి ఇచ్చేది. ఇప్పుడు నెల్లూరులో ఒక పెద్ద దుకాణం వాళ్లు అరలో పెడతామన్నారట. అయితే గుర్తు, లేబులు అన్నీ పద్ధతిగా ఉండాలి, సోమవారం పొద్దునకల్లా అచ్చుకు వెళ్లాలి.

“లేబుల్ పాతగా ఉండాల వినీలా. చూస్తే మా అత్త కాలం గుర్తుకు రావాల. మళ్లా కొత్తగా గూడా ఉండాల. నెల్లూరు పిలకాయలు పాతదని పక్కన పెట్టేస్తే ఎట్ట?” అంది.

“పాతగానూ కొత్తగానూ ఒకేసారి ఎట్టా పెద్దమ్మా?”

“అది నీకు తెలియాల. నేను రొయ్యలు వేయించేదాన్ని.”

ఆ పచ్చడి అసలు ఆమెది కాదు, వాళ్ల అత్త అబిగయీలమ్మది. యాభై ఏళ్ల కిందట బుట్ట నెత్తిన పెట్టుకుని పాళేలన్నీ తిరిగి అమ్మేదట. చనిపోయి చాలా కాలమైంది. లేబుల్ మీద ఆమె బొమ్మ ఉండి తీరాలని పెద్దమ్మ పట్టు. ఉన్న ఫోటో ఒక్కటే. అందులో చర్చి ఆడవాళ్లందరూ మూడు వరసల్లో నిలబడి ఉన్నారు. వెనక వరసలో అబిగయీలమ్మ మొహం గోరంత.

ఆ గోరంత మొహాన్ని కంప్యూటర్లో పెద్దది చేస్తే మంచు పట్టిన అద్దంలా తయారైంది. ఫోన్లో యాప్ ఒకటి ఉంది కదా అని దానికిస్తే, అది బుగ్గలు నున్నగా చేసి, పెదవులకు రంగు పూసి, టీవీలో వార్తలు చదివే అమ్మాయిని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. పెద్దమ్మ చూసి, “ఈ పిల్ల ఎవురు?” అని అడిగింది. ఇక చేసేదేమీ లేక మామ దగ్గరికి వెళ్లాను.

“ఏం మే, నీ కంప్యూటర్‌కి చేతులు నొప్పి పుట్టినాయా?” అన్నాడు. మాటలతో పొడిచాక ఆయన మనసు కుదుటపడుతుందని తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ఫోటో చేతికిస్తే తిరిగిచ్చేశాడు. “ఈమెకు ఫోటో దేనికి? పాళేనికి వారం వారం వచ్చేది గదా. నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీదే బుట్ట దించేది. కళ్లు మూసుకుంటే కనపడతాది.”

రెండు రోజులు మా ఇద్దరికీ ఒకటే యుద్ధం. ఆయన కాగితం మీద వేస్తే నేను కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. ఆయన మూలమూలకూ పూలు, లతలు, మెలికల రిబ్బన్లు వేసేవాడు. నేను చెరిపేయమనేదాన్ని. “ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టినాడంటారు మే” అని ఆయన, “ఖాళీ ఉంటేనే చూపు బొమ్మ మీదికి పోతాది మామా” అని నేను. నేను కంప్యూటర్లో రాసిన అక్షరాలు చూసి, “ఇవన్నీ ఇస్త్రీ చేసిన చొక్కాల మాదిరి ఉండాయి, లోపల మనిషి లేడు” అన్నాడు. కోపం వచ్చింది గానీ ఆ మాట నిజమే. చివరికి అక్షరాలు ఆయన కుంచెతోనే రాశాడు. పాత బోర్డుల్లోలా లావుగా, కింద నీడతో రాశాడు. వాటి చుట్టూ నేను తెల్లగా చోటు వదిలాను. రంగులు రెండే, మిరపపండు ఎరుపు, మసి నలుపు. గుర్తుగా ఒక రొయ్య. ఆయన దాని మీసాలను గుండ్రంగా తిప్పి కోడిగుడ్డు ఆకారంలో చట్రంలా చేశాడు. నేను దాని ఒంటిని మూడు గీతలకు తగ్గించాను. ఆ మీసాల మధ్య అబిగయీలమ్మ బుట్ట మీద ఒక చెయ్యి వేసి, కొంచెం నవ్వుతూ మనల్ని చూస్తుంది. అది పాతదో కొత్తదో చెప్పలేం. నాకు గర్వంగా అనిపించింది. మామ ఒకే ఒక్క మాట, “పర్వాలేదు” అన్నాడు.

శనివారం మధ్యాహ్నం లేబులు పెద్దమ్మ ఫోనుకు పంపాను. ఆమె కళ్లజోడు పెట్టుకోకుండానే సంబరపడి, “దేవునికి స్తోత్రం, మన అబిగయీలమ్మ” అని రాసి, చర్చి స్త్రీల సమాజం గ్రూపులో పెట్టేసింది. పది నిమిషాలకు నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

“వినీలా, మా అత్త నుదుట ఏందది? గ్రూపులో అందరూ అడగతా ఉండారు.”

పెద్దది చేసి చూశాను. బొట్టు ఉంది. గుండ్రంగా, ఎర్రగా, లేబుల్లోని మిరపపండు రంగుకు చక్కగా జత కుదిరి మరీ ఉంది. రెండు రోజులు ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను, కనపడలేదు. మా ఇళ్లలో ఆడమనిషి మొహాన బొట్టు ఉంటే కంటికి ఆనదు. లేకపోతేనే ఆనుతుంది. నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే తీయలేదు. క్షమించమని పెట్టిన మెసేజ్ చదివింది గానీ జవాబివ్వలేదు.

కంప్యూటర్లో బొట్టు తీసేయడం క్షణం పని. కానీ బతుకంతా బొట్టు పెట్టుకోకుండా చర్చికి వెళ్లిన పెద్దావిడను ఊరందరికీ అలా చూపించాం. పెద్దమ్మ మొహం ఎలా చూడాలి? ఆ మంటంతా మామ మీద చూపించాను.

“నర్సమ్మకు పెట్టినట్టు ఈమెకు గూడా పెట్టినావా? అలవాటు గదా నీకు! వాళ్లు బొట్టు పెట్టుకోరని తెలవదా?”

కుంచె కడుగుతాడనుకున్నాను. కడగలేదు. “తెలుసు మే” అన్నాడు మెల్లగా. “అలవాటుగా పెట్టలేదు. నాకు ఆమె అట్టనే కనపడతా ఉండాది. బుట్ట ఎత్తుకుని మా వాకిట్లో నుంచి పోతా, తిరిగి చూస్తాది. నుదుట బొట్టు ఉంటాది.”

“ఉండదు మామా. ఎట్ట ఉంటాది?”

“అయితే నా బుర్ర పోతా ఉండాది. కళ్లు మూసుకుంటే కనపడే దాన్ని గూడా నమ్మకూడదంటే ఇంక బొమ్మలు ఎట్ట వేసేది? ఇంక వెయ్యను” అని కుంచెలన్నీ పాత గుడ్డలో చుట్టేశాడు. నాకు భయం వేసింది. లేబులు పోతే ఇంకో లేబులు వస్తుంది. ఈయన కుంచె వదిలేస్తే ఏం మిగులుతాడు? అంత మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం పొద్దున మా అమ్మ ఇచ్చిన టీ కూడా ఆయన ముట్టుకోలేదు.

మధ్యాహ్నం ఆరాధన అయిపోయాక పెద్దమ్మ మా ఇంటికే వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. మామ లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పయిపోయిందక్కా. వయసైపోయినోడిని. నా మతి చెడింది” అన్నాడు.

“కూచో పోలయ్యా. నేను కొట్లాటకు రాలేదు. నిన్నంతా ఒకటే ఆలోచన. ఆ సంగతి నీకెట్ట తెలిసిందని” అంటూ కుర్చీ లాక్కుంది.

“ఏ సంగతక్కా?”

“నేను కొత్త కోడలిని. ఇంట్లో బట్టలుతికేది నేనే. పాళేలకు పోయొచ్చిన రోజు మా అత్త కొంగు చివర ఎర్రగా మరక ఉండేది. పచ్చడి కారమేమో అనుకుంటి. ఎంతకీ పోదు. ఒకనాడు అడిగితే నవ్వింది. ‘పాళెంలో నాగులమ్మని ఒకామె ఉండాది. నేను బుట్ట ఎత్తుకుంటే చాలు, కుంకుమ భరిణతో ఎదురొస్తాది. ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు లేకుండా గడప దాటనియ్యదంట. వద్దంటే ఆ తల్లి మొహం చిన్నబోతాది. అందుకే పెట్టించుకుంటా. ఊళ్లోకి రాకముందే తుడిచేస్తా. మీ మామకు మాత్రం చెప్పబాక’ అనింది. ఇన్నేళ్లూ నేను ఎవురికీ చెప్పలే. పొద్దున ప్రార్థన అయినాక మా సమాజం వాళ్లకు చెప్పినా. పెద్దోళ్లు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. తప్పని ఒక్కరూ అనలే.”

నాగులమ్మ మామ వాళ్లమ్మ. నాకు అమ్మమ్మ. నేను పుట్టకముందే పోయింది.

మామ నా వైపు తిరిగి, “చూసినావా మే! నా బుర్ర బాగానే ఉండాది!” అని అరిచాడు. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. నిన్నటి నుంచి గుండెల మీద కూర్చున్న బండ లేచి వెళ్లిపోయింది. మా అమ్మ మళ్లీ టీ పెట్టింది. మామ రెండు గ్లాసులు తాగాడు.

“అయితే సీసా మీద మాత్రం తీసేయండి. మా అత్త తుడుచుకునే ఊళ్లోకి వచ్చేది. జనంలోకి అట్నే పోనీ” అంది పెద్దమ్మ. నేను అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి బొట్టు తీసేశాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, దగ్గరగా చూసి, “సరే, రేపు అచ్చుకు పంపు” అంది. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“పోలయ్యా, నువ్వు కాగితం మీద వేసిన బొమ్మ నాకియ్యి. మా ఇంట్లో పెట్టుకుంటా. దాన్ని చెరపబాక. బొట్టుతోనే ఉండనీ.”

మామ లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుని, ఆ ఎర్రచుక్క వైపే చూస్తూ నిలబడ్డాడు.

“రేపు నేనే తెచ్చిస్తానక్కా. ఒక్క రోజు నా దగ్గర ఉండనీ. మా అమ్మది ఒక్క ఫోటో గూడా లేదు మా ఇంట్లో.”