నాయన మద్దెలకు ఒక బాన

నాకు ఈ జన్మలో మిగిలిన అలసటలో సగం ఆత్మకూరు, ఉదయగిరి మధ్య బస్సులో పోగుచేసుకున్నదే. మిగతా సగం, ఒక మట్టి బానను ఒళ్లో పెట్టుకుని వచ్చిన ఒకే ఒక్క శనివారానిది.

ఎనభైల మొదట్లో నేను ఆత్మకూరులో ఒక ఎరువుల కొట్లో పనిచేసేవాణ్ణి. ఇల్లు ఉదయగిరిలో. వారమంతా యూరియా బస్తాల మధ్య నిలబడటం, శనివారం ఇంటికి చేరి పడుకోవడం, సోమవారం మళ్లీ బస్సెక్కడం. అలాంటి రోజుల్లో ఎక్కడ దొరికిందో ఓపిక, ఒక యాంప్లిఫయరు, టేపు డెక్కు, రెండు స్పీకరు పెట్టెలు కొన్నాను. నాకోసం కాదు, నాయన కోసం.

నాయన ఒకప్పుడు మా వీధి భజన గుంపులో మద్దెల వాయించేవాడు. ఆయన దెబ్బకు కొండమీది పాత కోటలో గబ్బిలాలు పట్టపగలే లేచి వరికుంటపాడు దాకా పోయేవని చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. తర్వాత సోమశిల ఆనకట్ట పనిలో, రాళ్లు పేల్చేచోట కొన్నేళ్లు చేశాడు. ఆ పేలుళ్లు ఆయన చెవుల్ని తీసుకుపోయాయి. మాటలు, పిట్టల కూతలు, అమ్మ తిట్లు, అన్నీ పోయాయి. తిట్లు పోవడం నష్టమని నేననను. ఉరుము, లారీ రొద, ఇలాంటి బరువైన శబ్దాలు మాత్రం కాస్త మిగిలాయి.

చెవులు బాగున్న రోజుల్లో ఒక భజనను, కువైటు నుంచి వచ్చిన పక్కింటి సాయిబు తన టేపురికార్డరులో పట్టి, ఆ క్యాసెట్టు మాకిచ్చాడు. అది వినిపించే యంత్రం మా ఇంటికొచ్చేసరికి నాయన వినే స్థితిలో లేడు. తన చేతి దెబ్బను ఒక్కసారి వినాలి. ఆయనకున్నది ఆ ఒక్క కోరిక.

రెండు పెట్టెల్లో గొంతులు బాగానే పలికాయి, తాళాలు గలగలమన్నాయి. మద్దెల మాత్రం అగ్గిపెట్టె మీద వేలితో కొట్టినట్టు వచ్చింది. నాయన పెట్టెకు చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

“ఏందిరా, దీంట్లో దోమ గూడా లేదే. నా మద్దెల యాడ బోయింది?”

ఆత్మకూరు బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే సాయిబు ఒకడు నాకు స్నేహితుడు. సంగతి చెప్పి, “ఇంకో రెండు పెద్ద పెట్టెలు కొందామా భాయ్?” అన్నాను.

“అవి గూడా ఇట్టనే పాడతాయన్నా, ఇంకాస్త గట్టిగా. పాడేవోళ్లు నీ కాడ ఇద్దరుండారు గదా. మూడోవోడు పాడగూడదు. కింద కూర్చోని గుమ్ గుమ్ మనాల, అంతే.”

సాయిబు కొట్లో గంగాళమంత స్పీకరు ఒకటి ఉంది, ఏదో సినిమా హాలు నుంచి వచ్చింది. నా చూపు దాని మీద పడింది.

“దాన్ని నీ యాంప్లిఫయరు కదిలించలేదు. బండికి ఎద్దును గదా కట్టాల, మేకను కడతావా?” అని, అందులో సగముండేది తీశాడు. దాని గరాటులాంటి కాగితాన్ని బొటనవేళ్లతో వత్తితే లోపలికి పోయి, తొందరేమీ లేనట్టు నిదానంగా వెనక్కొచ్చింది. అలా వచ్చేదే మద్దెలకు పనికొస్తుందట. సన్న శబ్దాలు దీంట్లోకి రాకుండా తీగకు ఒక రాగితీగ చుట్ట కట్టిచ్చాడు.

“మరి పెట్టె?”

“పెట్టెందుకన్నా? టీ అంగళ్లలో జూళ్లా, అందరూ కుండలోనే పెడతా ఉండారు. కుమ్మరి కాడికి బోయి మంచి బాన జూసుకో. మూతిలో ఊఁ అను. ఏది కడుపులోంచి పలికితే అది నీది.”

శనివారం ఎండలో కుమ్మరి కుండలు కాల్చే వామి దాకా కాళ్లీడ్చుకుంటూ పోయి, వరసగా కుండల్లో తలపెట్టి ఊఁ అన్నాను. చిన్నవి ముక్కుతో మాట్లాడాయి. వెడల్పు మూతిది ఆవులించింది. కుమ్మరి భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“వేలితో కొట్టి జూసేవోళ్లను జూసినా గానీ, కుండలకు కత చెప్పేవోణ్ణి నిన్నే జూస్తుండా సామీ.”

“ఊఁ కొట్టేదేదా అని చూస్తుండా తల్లీ.”

“కొనుక్కోని బోయి ఇంటికాడ కొట్టించుకో. ఎండ జూడు.”

చివరికి ఒక నల్లబాన కడుపులోంచి పలికింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా అది మూలిగేది. లోపలెవరో ఉన్నారని కండక్టరు అరటిక్కెట్టు కొట్టబోయాడు. బానను బోర్లించి చూపిస్తే గానీ నమ్మలేదు. ఇల్లు చేరేసరికి మోకాళ్లు నావి కావు. బానను పంచలో దించి, స్పీకరు సంచిని గూట్లో పెట్టి, అన్నం కూడా తినకుండా నిద్రపోయాను.

కొత్త కుండ ఇంటికొస్తే మా అమ్మ ఏం చేస్తుంది? ఏ అమ్మయినా చేసేదే. బియ్యం కడిగిన నీళ్లు నిండా పోసి నానబెట్టింది. తెల్లారి వంచేసి, గుడ్డతో తుడిచి, ఎక్కడుండేదాన్ని అక్కడే పెట్టింది. అది చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఆదివారం పొద్దున బాన మూతి మీద స్పీకరు బోర్లించి, చుట్టూ బంకమన్ను మెత్తి, తీగ కలిపాను. నాయన బాన పక్కన కూర్చుని, దాని పొట్ట మీద అరచెయ్యి పెట్టాడు. క్యాసెట్టు తిప్పాను.

మద్దెల వచ్చింది. గోడమేకుకు తగిలించిన జల్లెడ అదిరింది. నాయన ముఖంలో ఏమీ మారలేదు. ఒడిలో ఉన్న రెండో చేతి వేళ్లు మాత్రం లేచాయి, టేపులో చెయ్యి పోయిన చోటికల్లా అవీ పోతున్నాయి.

“ఇదీ. ఇది నేనే” అన్నాడు.

రెండు కీర్తనలు బాగా సాగాయి. మూడోదాని మధ్యలో దెబ్బ జారింది. గుమ్ పోయి బొద్ బొద్ మని, నానిన అప్పడం మీద కొట్టినట్టు అయింది. మన్ను పెకలించి స్పీకరు పైకెత్తాను. బాన లోపల చెమ్మ. కాగితం మెత్తబడి, అంచున చిరుగు.

“అమ్మా, దీంట్లో నీళ్లేమైనా పోసినావా?”

“పొయ్యకుండా? కొత్త కుండ గదరా” అంది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఇద్దరి ముఖాలు చూసి నాయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. బాన మీద చెయ్యి తియ్యకుండా అన్నాడు:

“టేపు తప్పు కాదురా. ఇది పట్టిన పొద్దు వాన కురిసింది. మద్దెల తోలు నాని, సరిగ్గా ఈ కాడికొచ్చేసరికి దిగిపోయింది. ఇట్టనే మోగింది. అంతా అట్టనే పట్టినాడు పక్కింటి సాయిబు.”

అమ్మ నా వైపు తిరిగి, ఆయనకు వినిపించదని తెలిసినా గొంతు తగ్గించింది. “వానా? యాడిది వాన? ఆ పొద్దు ఎండకు పందిట్లోనే ఇద్దరు పడిపోయినారు గదరా.”

నాకు నవ్వే ఓపిక లేదు. ఈ స్పీకరును మళ్లీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాలి. నాయన నా ముఖంలోకే చూస్తున్నాడు, నేనేమంటానా అని.

ఊఁ అన్నాను. అది ఆయనకు చేరదని గుర్తొచ్చి, కనబడేలా తల ఊపాను.